నెమలీక గాలం

మా ఇంట్లో చేప అనే మాట పలకడానికి కూడా మా అత్త ఒప్పుకునేది కాదు. తప్పనిసరై అనవలసి వస్తే "నీళ్లల్ల జీవి" అనాలి. అలాంటి ఇంట్లో, లింగం కట్టుకున్న ఇంట్లో, నేను ఒక వానాకాలమంతా గాలం కట్టెకు గుడ్డ చుడుతూ కూర్చున్నానంటే మా కోడళ్లు నమ్మరు. నా ముఖంలోకి చూసి కిసుక్కున నవ్వుతారు. నవ్వనీ. ఆ వానాకాలం అట్లా గడవకపోతే ఈ ఇంట్లో ఇంత నవ్వు ఉండేది కాదు.

అది ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు. జహీరాబాద్ బజారులో మా బట్టల దుకాణం. మా ఆయన రేవణసిద్ధప్ప గజం కట్టె పట్టుకుని గుడ్డ కొలుస్తూ కొలుస్తూనే, మంచి ఎండలో, బేరానికొచ్చిన మనుషుల ముందే కూలబడ్డాడు. పక్షవాతమన్నారు. హైదరాబాద్ పెద్ద దవాఖానలో ఉంచుకుని పంపారు. వంకరపోయిన మూతి సర్దుకుంది. కాలు ఈడుస్తూ అయినా నడక వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం రాలేదు. పడిపోయి వేలాడినా ఒక తీరు. అది పిడికిలి బిగించుకుని కూర్చుంది. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి, గోళ్లు గుచ్చుకుంటుంటే మధ్యలో నేను దూది పెట్టేదాన్ని.

వేరే ఇళ్లలో అయితే, పోనీలే ఎడమచెయ్యే కదా, కుడిచేత్తో తింటాడు, కుడిచేత్తో రాస్తాడు అనుకునేవాళ్లు. మా ఇళ్లలో అట్లా కాదు. పొద్దున స్నానం కాగానే మెడలో ఉన్న వెండి కాయలోంచి ఇష్టలింగాన్ని తీసి ఎడమ అరచేతిలో పెట్టుకోవాలి. కుడిచేత్తో నీళ్లు పోసి, విభూతి పెట్టి, పత్రి వేసి, కళ్లెదురుగా పట్టుకుని చూడాలి. అది అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టరు. ఎవరి లింగం వాళ్లదే. కట్టుకున్న పెళ్లామైనా, కన్నతల్లి అయినా చేతిలోకి తీసుకోకూడదు. మరి పిడికిలి విప్పుకోని మనిషి ఏం చేయాలి?

మా కులగురువు జంగమయ్య వచ్చి చూసి, "కాయను కండ్లకద్దుకో, చాలు. రోగానికి దోషం లేదు," అని చెప్పి పోయాడు. ఆ చెప్పడం అందరికీ చాలింది, మా ఆయనకు చాలలేదు. కాయను కళ్లకద్దుకునేవాడు, పళ్లెం ముందు కూర్చునేవాడు, జొన్నరొట్టెను నడిమికి విరిచి సగం పక్కకు నెట్టేసేవాడు.

"ఇంకింత తినున్రి," అంటే, "పూజ సగం, తిండి సగం," అనేవాడు.

మొదట్లో ఏదో అలకలే అనుకున్నాను. కాదు, లెక్క కట్టి తింటున్నాడు. అంగీ భుజాల మీంచి జారసాగింది. మాట్లాడడం కూడా సగానికి తెగింది, ఆ తర్వాత సగం కూడా లేదు. పొద్దంతా గోడవైపు తిరిగి కూర్చునేవాడు. మా మరిది బస్వరాజ్ దుకాణం చూసుకుంటూ, అన్న కోసం ఎక్కడినుంచో రబ్బరు బంతి తెచ్చాడు, పిసుకుతుంటే చెయ్యి వస్తుందని. చెయ్యి రాలేదు సరికదా, పిసుకుడు నేర్చుకుని ఇంకా బిగిసింది. నాకు చచ్చేంత భయం వేసింది. మనిషి రోజుకు సగం రొట్టె చొప్పున మా దగ్గరనుంచి జారిపోతున్నాడని నాకు ఖాయంగా అనిపించింది.

అట్లాంటి రోజుల్లో జగన్‌మోహన్ వచ్చాడు. రైల్వే స్టేషన్‌లో పార్సిళ్ల గుమస్తా, మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. ఆదివారమొస్తే గాలం వేసుకుంటూ నారింజ వాగు ఒడ్డునే ఉంటాడు, అందుకని మా అత్త లక్ష్మమ్మ ఆయన్ని వాకిలి దాటి లోపలికి రానిచ్చేది కాదు. చాయ్ మాత్రం అల్లం దంచి మంచిదే పంపేది. ఆ రోజు భుజాన ఒక కొత్త వెదురు కట్టెతో వచ్చాడు.

"ఏం సేఠ్, ఎట్లున్నది తబియత్?"

జగన్‌మోహన్‌కు జవాబులతో పని లేదు, తనే మాట్లాడుకుంటాడు. "జర చూడు, కొత్త కట్టె. ఇగ కొర్రమీనులు ఎక్కడ దాక్కుంటయో చూస్త," అని కట్టెను మా ఆయన ఒళ్లో పెట్టాడు. మా ఆయన కుడిచేత్తో దాన్ని ఎత్తి, దుకాణంలో గజం కట్టెను ఎత్తినట్టే ఒకసారి ఊపాడు.

"ముందల బరువున్నది," అన్నాడు. "గిది నువ్వు పట్టుకున్నట్టు లేదు. కట్టెనే నిన్ను పట్టుకున్నట్టున్నది."

తలుపు చాటున ఉన్న నేను తలుపురెక్క పట్టుకున్నాను. ఆయన నోటినుంచి అంత పొడుగు మాట విని ఎన్నాళ్లయిందో.

"అరె, గిది మర్దు కట్టె సేఠ్!" అన్నాడు జగన్‌మోహన్ రోషంగా. "తేల్క కట్టెలు నవాబులకు. మా నాయిన నవాబు సాబ్ కాడ కొలువుల ఉన్నప్పుడు చూసిండట. రెండు చేతుల కట్టె. కానీ మస్తు తేల్క. ఎర లేదు, ఎర్రలు లేవు, గాలానికి ఈక కట్టుడే. దారమే బరువు. దారాన్ని ఎన్కకు ఇసిరి ముందుకు ఇసిరితే, ఈక పోయి నీళ్లమీద ఈగ వాలినట్టు వాల్తదట. వేసేటప్పుడు రెండు చేతులు, వేసినంక ఒక్క చెయ్యే."

"ఎర లేకుంటనా?"

"ఒట్టు. ఒక్క పురుగును గుచ్చే పని లేదు."

మా ఆయన కట్టెను ఇంకోసారి ఊపి చూశాడు. తర్వాత అడిగాడు, "కింది చేతికి ఏం పని?"

"కింది చెయ్యి ఎడమది. మొదలు పట్టుకోని కడుపు దిక్కు లాగాలె. మల్ల దారం కూడా గా చేతి వేళ్లల్లనే ఉండాలె. కట్టె ముందుకు పోంగనే ఇడువాలె. పట్టుడు ఎవడైనా పడ్తడు సేఠ్, ఇడుసుడే అసలు పని."

మా ఆయన తల వంచి తన పిడికిలిని చూసుకున్నాడు. నేనూ చూశాను. మా ఇంట్లో అంతమందిమి ఆ చేతికి పట్టు రావాలనే పాకులాడాం. దానికి రావలసింది పట్టు కాదని ఎవరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున సగం రొట్టె దగ్గర నేనే ఎత్తుకున్నాను. "కోహీర్ పోదమా?"

"ఎందుకు?"

"మేదరోల్ల కాడ మంచి వెదురు దొరుకుతదట. తేల్కది."

ఆయన వంటింటి వైపు చూశాడు. "అవ్వకు ఏం చెప్తవు?"

"గంపలు కొనొస్తమని చెప్త."

అబద్ధం కాకుండా ఉండడానికి నిజంగానే గంపలు కొనవలసి వచ్చింది. ఒక్కసారితో కట్టె కుదరలేదు, కాబట్టి మళ్లీ గంపలు, మళ్లీ చాటలు. జ్యేష్ఠం వచ్చేసరికి మా ఇంట్లో ఎటు చూసినా గంపలే. "ఏమే గిరిజ, కోళ్ల దుకాణం పెడ్తవా?" అని మా అత్త దెప్పింది. ఆ మాట తర్వాత మా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు నాకు తెలియదు.

కోహీర్‌లో మేదరి బీరమ్మ వాకిట్లో మా ఆయన కూర్చుని కట్టెలు చూసిన తీరు చూడాలి. దుకాణంలో ఆడవాళ్లు చీరలు తిరగేసినట్టే. తోడుకొచ్చిన జగన్‌మోహన్ మణికట్టంత లావు వెదురు ఒకటి లాగాడు.

"గిది తీసుకో. పదేండ్లు ఆగుతది."

మా ఆయన దాన్ని చూపుడువేలి మీద అడ్డంగా నిలిపి చూశాడు. కొస నేలకు వాలింది. పక్కన పెట్టాడు. ఇంకొకటి మరీ లేతది, ఊపితే ఆగకుండా వణుకుతూనే ఉంది. అదీ పక్కకే. ఒకటి పొట్టిది. ఒకటి బాగానే ఉంది గానీ కణుపు దగ్గర పురుగు తొలిచింది. బీరమ్మకు ఓపిక నశించింది.

"ఏం చేస్తవయ్యా దీన్ని? పందిరికా, నిచ్చెనకా? చెప్తే నేనే తీసిస్త."

"గాలానికమ్మా," అన్నాడు జగన్‌మోహన్.

బీరమ్మ మా ఆయన నుదుటి మీది విభూతి చూసింది, మెడలో వెండి కాయ చూసింది, నా వైపు చూసింది. నేను గంపలు చూడసాగాను.

ఆఖరుకు చూరు కింద, పొగకు కాగి పసుపు తిరిగిన ఒక సన్నకట్టె మా ఆయన కంటపడింది. మనిషికి రెండింతలకు కొంచెం తక్కువ పొడుగు. మొదలు సన్నం, కొస ఇంకా సన్నం. తీయించి, కుడిచేత్తో నడిమి కింద పట్టుకుని, మొదలును ఎడమ పిడికిలికి ఆనించుకుని మెల్లగా వెనక్కూ ముందుకూ ఊపాడు. కట్టె నడుము దాకా వంగి మళ్లీ నిలబడింది. తర్వాత ఎడమ పిడికిలిని తీసేసి ఒక్క కుడిచేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు. కొస కిందికి రాలేదు.

"రెంటికీ సరిపోతది," అన్నాడు.

"గిది పుల్ల సేఠ్!" జగన్‌మోహన్ తల పట్టుకున్నాడు. "పెద్ద చేప పడ్తే పుటుక్కుమంటది."

"అననీ. పెద్ద చేప నాకెందుకు? చిన్నదైనా ఎందుకు? పడ్తే మల్ల నీళ్లల్ల ఇడుస్త."

"ఇడుస్తవా? పట్టి ఇడుస్తవా?"

"లింగం కట్టుకున్నోన్ని. తింటనా, అమ్ముతనా?"

జగన్‌మోహన్ వెదురు కుప్ప మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. బీరమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మా ఇంట్ల గిసొంటోడుంటే మేం గాలి తాగి బతకాలె," అంది. మా ఆయన నవ్వలేదు గానీ మూతి ఒక పక్కకు కదిలింది. పక్షవాతంతో వచ్చిన వంకర కాదది. నేను దానికోసమే అంతదూరం వచ్చాననిపించింది.

కట్టె కుదిరింది, చేతికి కుదరలేదు. ఆ సన్నని మొదలు బిగిసిన పిడికిల్లోంచి జారిపోతోంది. ఇక్కడ నా పని మొదలైంది. వేడినీళ్లలో చెయ్యి ముంచి, ఆముదం రాసి, వేళ్లు ఒక్కొక్కటే లేపి కట్టె దూర్చేదాన్ని. దుకాణంలోంచి ముతక గాడా గుడ్డ పీలికలు తెప్పించి మొదలుకు చుట్టేదాన్ని.

"ఇంకో చుట్టు," అనేవాడు.

చుట్టేదాన్ని.

"ఎక్కువైంది. అరచుట్టు తియ్."

తీసేదాన్ని. అరచుట్టుకు కూడా చేతికి తేడా తెలుస్తుందా అని విసుక్కుంటే, "మల్మల్‌కూ గాడాకూ తేడా చేతికే కదా తెలిసేది," అన్నాడు. దుకాణదారు మాట. రొట్టెల కర్రంత లావుకు వచ్చాక సరే అన్నాడు. దారం కూడా నేనే పేనాను. మొదట మూడు పోగులు, తర్వాత రెండు, కొసకు ఒకటే. మైనం రుద్దితే బరువుగా నున్నగా తయారైంది. గాలం ముల్లుకుండే కొండిని మా ఆయన ఆకురాయితో అరగదీశాడు, తీసేటప్పుడు జీవి నోరు చిరగకూడదని. ఈకలు జగన్‌మోహన్ తెచ్చాడు. కోడీకలు. వాటిని చూసి నాకు ఒళ్లు జలదరించింది. అయినా పట్టుకున్నాను. రవికెల అంచులు కుట్టే సూదిదారంతో గాలానికి ఈక కట్టి, చేతులు సబ్బుతో ఒకసారి, విభూతితో ఒకసారి కడుక్కున్నాను.

మొదటి కొన్నాళ్లు పెరట్లోనే, మట్టి మీదే. కట్టె వెనక్కి పోయేది, ముందుకు వచ్చేది, దారం మాత్రం వేళ్లలోనే ఇరుక్కుని గిర్రున తిరిగి ఆయన నెత్తికే చుట్టుకునేది.

"ఇడువున్రి!" అని నేను గడప దగ్గరనుంచి అరిచేదాన్ని.

"ఇడుస్తనే ఉన్న. అది ఇంటలేదు."

చెయ్యిని 'అది' అనేవాడు, ఎవరో మొండి జీతగాడి గురించి చెప్తున్నట్టు. మా అత్త వంటింటి కిటికీలోంచి చూసి, "ఏందే గది?" అని అడిగింది. "రెండు చేతులు కలిపి ఏదన్న పని చెయ్యమన్నడు కదత్తమ్మ డాక్టరు," అన్నాను. అందులో అబద్ధమేముంది?

మృగశిర వానలకు నారింజ వాగు పారింది. జగన్‌మోహన్‌తో కలిసి జట్కా ఎక్కి కొత్తూరు దాకా పోయి రావడం మొదలుపెట్టాడు మా ఆయన. "గాలి మారితే మంచిది," అని మా అత్తే పంపేది. ఎండకు ముఖం నల్లబడింది. కాలు ఈడ్చడం తగ్గింది. చెయ్యి సంగతి అడిగితే మాత్రం చెప్పడు. ఒకనాడు జగన్‌మోహన్ వాకిట్లోంచే నాకు వినబడేట్టు, "ఇయ్యాల ఒక్కసారి ఇడిసిండు వదినే! ఒక్కసారే. మల్ల ఇడువలే," అని అరిచి పోయాడు. నేను లోపలికి వచ్చి చూస్తే మా ఆయన రొట్టెను నడిమికి విరుస్తున్నాడు. ఎప్పటిలాగే సగం పక్కకు నెట్టాడు. ఒక్కసారి విడిస్తే ఏం లాభం? లింగం పెట్టుకున్న చెయ్యి మధ్యలో మూసుకుపోతే? ఆయన భయం అది. నాకూ అదే.

శ్రావణం దగ్గరపడింది. మా ఇంట్లో శ్రావణ సోమవారాలకు ఇల్లంతా కడిగి, ఇంటి పెద్ద పీట మీద కూర్చుని లింగపూజ చేసుకుంటే అప్పుడు మిగతావాళ్లం చేసుకుంటాం. మామగారు పోయినప్పటినుంచి ఆ పీట మా ఆయనదే. ఇల్లు కడిగేందుకని మా అత్త మాసిన బట్టలన్నీ పోగుచేసింది. మా ఆయన అంగీ జేబులో చెయ్యి పెట్టింది. అంతే.

వంటింట్లోకి వచ్చి, రెండు వేళ్ల కొసలతో పట్టుకున్న ఎర్రటి కోడీకను నా ముందు నేల మీద పడేసింది.

"ఏ దినం నుంచి?" అంది.

"అత్తమ్మా..."

"దవాఖానల ఎవడో కోడి సూపు తాగుమని చెప్పి ఉంటడు. చేతికి బలమొస్తదని. అవునా? జగన్‌మోహన్ ఇంట్ల తాగుతున్నడు. ముఖం నిగ్గు తేలుతుంటే నేనింకా గాలి మారిందనుకున్న. గంపలు ఎందుకో ఇప్పుడు తెలిసింది."

గంపలకూ కోడి సూపుకూ ఆమె వేసిన ముడి విని, ఆ భయంలో కూడా నాకు నవ్వొచ్చినంత పనైంది. చెప్పబోయాను. ఎక్కడనుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. సూపు కాదత్తమ్మా, చేపలు అంటే ఏమంటుంది?

"ఈ ఇంట్ల నేను నీళ్లు ముట్ట. చిన్నోనితోటి రాయికోడ్ పోత, మా అక్క ఇంటికి. శ్రావణం ఆడనే చేసుకుంట. గా పీటను గోడకు ఆనియ్యి." కొంగుతో వేళ్లు తుడుచుకుంది. "పూజ పోయిందని సగం తిండి తింటుంటే, నా కొడుకు ఎంతటి నిష్ఠగలోడని లోపల్లోపల మురిసిన. యాడున్నడు?"

"నారింజ కాడ."

"నడువు."

జట్కాలో ఆమె మెడలోని కాయను పట్టుకుని వడివడిగా ఏదో గొణుక్కుంటూనే ఉంది. కొత్తూరు దాటాక జట్కా దిగి, బురదలో కొంగు దోపుకుని, నన్ను విడిచి ముందే నడిచింది.

వాన వెలిసిన పొద్దు. వాగు నిండా నీళ్లు. ఒడ్డున రాళ్ల మీద మా ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. కాస్త పక్కన జగన్‌మోహన్ ముందుగా మమ్మల్ని చూశాడు, తన చేపల సంచిని గబుక్కున వీపు వెనక దాచుకున్నాడు. నోరు తెరవబోతే మా అత్త వేలు చూపించి ఆపింది. కొడుకు ఏం చేస్తున్నాడో కళ్లారా చూసి మరీ కడిగేయాలని.

పసుపు తిరిగిన కట్టె మెల్లగా వెనక్కి పోయింది. దారం ఆయన తలమీదుగా పొడుగ్గా సాగింది. కుడిచెయ్యి ముందుకు తోసింది. ఎడమచెయ్యి మొదలును కడుపు వైపు లాగింది. లాగి, విడిచింది. వేళ్లు తెరుచుకున్నాయి. ఒక్కటి కాదు, అన్నీ. దారం వాటి మధ్యనుంచి సర్రున పోయి నీళ్లమీద చాచుకుని పడింది.

మా అత్త నడక ఆగిపోయింది.

నీళ్లు చిన్నగా కదిలాయి. కట్టె వంగింది. మా ఆయన కట్టెను ఒక్క కుడిచేతిలోకి మార్చుకుని, ఎడమ వేళ్లతో దారాన్ని కొద్దికొద్దిగా లాక్కున్నాడు. బెత్తెడు పరక చేప, తళతళమంటోంది. వంగి, చెయ్యి తడుపుకుని, గాలం తీసి నీళ్లలోనే దాన్ని పట్టుకున్నాడు. కాసేపు అది ఆయన అరచేతిలోనే తోక ఆడించింది. ఎడమ అరచేతిలో. తర్వాత పోయింది.

మా అత్త అక్కడున్న రాయి మీద కూర్చుంది.

"తినలేదా?" అని అడిగింది నన్ను, గుసగుసగా.

"యాడ తింటరు అత్తమ్మా? ఒక్కటన్న ఇంటికి తెచ్చిన్రా? పట్టి ఇడుస్తరు."

"మరి కోడీక?"

"గాలానికి. పురుగును గుచ్చొద్దని."

ఆ మాటకు మా ఆయన తిరిగి చూశాడు. తల్లిని చూసి ముఖం పాలిపోయింది. "అవ్వా..." అన్నాడు. కట్టెను ఎక్కడ దాచాలో తెలియలేదు పాపం, అంత పొడుగు కట్టెను ఎక్కడ దాస్తాడు? చెయ్యి మళ్లీ దాని పాటికి అది ముడుచుకుంది.

మా అత్త చాలాసేపు ఆ ముడుచుకున్న చేతినే చూసింది. జగన్‌మోహన్ వీపు వెనక సంచిలో ఏదో టపటప కొట్టుకుంటోంది.

"మల్ల ఎయ్యి," అంది మా అత్త.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఎయ్యి బిడ్డా. మల్లొక్కసారి చూస్త."

వేశాడు. వేళ్లు తెరుచుకున్నాయి. ఇంకోసారి వేయమంది. ఒకసారి దారం ఇరుక్కుంది, నెత్తికి చుట్టుకుంది. "ఫికర్ లేదు, మల్ల ఎయ్యి," అంది. పొద్దు దిగే దాకా ఆ రాయి మీదనుంచి లేవలేదు. పోయేటప్పుడు కొడుకుతో ఒక్కటే మాట అంది. "గా కోడీక నా ఇంట్లకు రావద్దు. జంగమయ్య కాడ నెమలీకల కట్ట ఉన్నది. నెమలీకకు దోషం లేదు. నేనడిగి తెస్త."

తెచ్చింది. ఎందుకని జంగమయ్య అడిగితే, "పూజకు," అని చెప్పిందట. ఆ నెమలీక పోగులు చిన్నచిన్నగా తెంపి గాలానికి చుట్టడం నాకు రాకపోతే, ముక్కు మీదికి అద్దాలు జార్చుకుని తనే చుట్టింది. పరకలకు కోడీక కంటే నెమలీకే నచ్చిందని జగన్‌మోహన్ ఇప్పటికీ చెప్తాడు.

శ్రావణం మొదటి సోమవారం పీట ఖాళీగానే ఉంది. తర్వాతదీ అంతే. "తొందరేముంది?" అంది మా అత్త, పీటను మాత్రం గోడకు ఆనించనివ్వలేదు. ఆఖరి సోమవారం పొద్దున స్నానం చేసి వచ్చి, ఎవరూ చెప్పకుండానే మా ఆయన పీట మీద కూర్చున్నాడు. మెడలోంచి కాయ తీసి ముందు పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి చాచాడు.

పిడికిలి విప్పుకోలేదు.

నుదుటి మీద చెమట పట్టింది. కుడిచేత్తో వేళ్లు లేపబోతే ఇంకా బిగిశాయి. ఇంట్లో అందరం నిలబడ్డాం. మరిది తల తిప్పుకున్నాడు. మళ్లీ గోడవైపు తిరిగి కూర్చుంటే ఇక ఈ మనిషిని ఎవరు తిప్పగలరు?

"గిరిజా," అన్నాడు తల ఎత్తకుండానే. "కట్టె తే."

పూజ గదిలోకి! నేను అత్త వైపు చూశాను. ఆమె కళ్లతోనే పొమ్మంది. పరుగెత్తి పెరట్లోంచి తెచ్చాను. తలుపులో పట్టలేదు, కొసను వంచి మరిది లోపలికి దూర్చాడు. గుడ్డ చుట్టిన మొదలును ఆయన పిడికిలికి ఆనించాను, వేళ్లు దాన్ని గుర్తుపట్టినట్టు చుట్టుకున్నాయి. కళ్లు మూసుకుని, కుడిచెయ్యి కూడా కట్టె మీద వేసి, కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు, కడుపు వైపు లాగి—

"ఇడువు," అంది మా అత్త మెల్లగా.

వేళ్లు తెరుచుకున్నాయి. నేను కట్టెను లాగేసుకున్నాను. అరచెయ్యి ఆకాశం చూస్తూ అట్లాగే నిలిచింది. వణికింది గానీ మూసుకోలేదు. ఆయన కుడిచేత్తో లింగాన్ని తీసి దానిలో పెట్టుకున్నాడు. నీళ్లు పోశాడు. విభూతి పెట్టాడు. పత్రి వేశాడు. కళ్లెదురుగా ఎత్తి పట్టుకున్నాడు, ఎండాకాలం నుంచి చూడని మనిషిని చూసినట్టు చూశాడు. నా గుండెల మీద ఇన్నాళ్లూ కూర్చున్న బండ ఎవరో ఎత్తి అవతల పెట్టినట్టయింది. కట్టెను నేల మీద పెట్టబోతే, "కింద పెట్టకు, కాళ్లు తగుల్తయి. దేవుని గూటి పక్కకు ఆనియ్యి," అంది మా అత్త.

పళ్లెం పెట్టాను. ఆయన జొన్నరొట్టె తీసుకున్నాడు. నేను అలవాటుగా పక్కన చిన్న గిన్నె పెట్టాను, మిగిలిన సగానికి. ఆయన ఆ గిన్నెను జరిపేశాడు. తిన్నాడు. మొత్తం తిని పళ్లెం ముందుకు జరిపాడు.

"ఇంకొకటి."

"సగమా?" అన్నాను.

"సగమెందుకు?"

ఎండాకాలం నుంచి కొలిచి కొలిచి పిండి తీసే చెయ్యి కదా నాది, చేసిన రొట్టెలు చాలలేదు. పొయ్యి దగ్గరికి పరుగెత్తి మళ్లీ పిండి కలపబోతే ముందేమీ కనబడలేదు, కళ్లనిండా నీళ్లు. ఎందుకాగాలని, ఏడుస్తూనే కలిపాను.

"చాలే గిరిజ, పిండి పల్చనైతది," అని మా అత్త నన్ను పక్కకు జరిపి పళ్లెం లాక్కుంది. ఆమె కూడా కొంగుతో ముక్కు తుడుచుకుంటూనే ఉంది.

"అయ్యిందా రొట్టె?" లోపలినుంచి ఆయన కేకేశాడు. "ఆకలైతుంది!"